ఇల్లాలు లేని దస్తావేజు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఎవరితో అన్నారో గానీ, మా ఉద్దానం ఊళ్లలో ఇల్లు కట్టి చూసేది ఎక్కువగా ఆడవాళ్లే. మొగుడు లద్దాఖ్ మంచులో సైన్యంలో ఉంటాడు. లేదంటే గల్ఫులోనో, అండమాన్‌లోనో పనిలో ఉంటాడు. డబ్బు పంపిస్తాడు, కాదనను. ఆ చలిలో నిలబడి సంపాదించిన రూపాయి చిన్నదేం కాదు. కానీ రూపాయి దానంతటది లేచి గోడ అవుతుందా?

పునాదికి ముగ్గు పోసిన రోజు నుంచి ఆవిడకి నిద్ర ఉండదు. అర్ధరాత్రి ఇసుక లోడు దిగినా లేచి చూసుకోవాలి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టాలి, వారం వారం మేస్త్రీకి కూలి లెక్క తేల్చాలి, పనివాళ్లకి టీలు అందించాలి. గోడలకు పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టాలి. స్లాబు పోశాక మడులు కట్టి రెండు వారాలైనా నీళ్లు నిలపాలి. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే మనిషైతే ఆ పని ముగించుకొచ్చి, జిడ్డు వదలని చేతులతోనే బిందెలు మోస్తుంది. డబ్బు చాలకపోతే ముందు బ్యాంకుకి వెళ్లేది ఆవిడ మెడలోదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరం దాటిన నాడు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, రేకులు ఎగిరిపోయాయి. అప్పటి నుంచి మాకు స్లాబు అంటే హోదా కాదు, ప్రాణం. అందుకే ఉన్నదంతా అందులో పోస్తున్నాం.

మరి కాగితం ఎవరి పేరున? ఆయన పేరున, లేదా మామగారి పేరున. ఇల్లాలు అన్న మాటలో ఇల్లు ఉంది గానీ ఇంటి దస్తావేజులో ఇల్లాలు లేదు. (బీఏలో తెలుగు చదివినందుకు ఈ మాత్రం గమనిస్తే తప్పు లేదనుకుంటాను.) మా వీధిలో ఒకామెని అడిగితే, "ఏటప్పా, ఆరి పేరయితేనేటి, నా పేరయితేనేటి" అంది. రెండూ ఒకటే అయినప్పుడు ప్రతిసారీ ఆయన పేరే ఎందుకు ఉంటోంది? ఒక్కసారైనా మన పేరు ఉండాలిగా!

పేరు అడిగితే మొగుడి మీద నమ్మకం లేదంటారు. మనకి నమ్మకం లేనిది మొగుడి మీద కాదు, ఆయుష్షు మీద. కిడ్నీ జబ్బుతో నలభైల్లోనే డయాలసిస్‌కి తిరుగుతున్న మగవాళ్లు ఎన్ని ఊళ్లలో లేరు? దాని కోసమే కదా 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం పెట్టారు. ఇలాంటి చోట బతుకుతూ "ఆయనుండగా నాకేం" అనడం మంచితనమా, మొండితనమా? మీరే చెప్పండి.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, ఆయన వీలునామా రాయకుండా పోతే ఆయన పేరున ఉన్న ఆస్తి అత్తగారికీ, భార్యకీ, పిల్లలకీ సమాన వాటాలవుతుంది. ఇద్దరు పిల్లలుంటే మనది నాలుగో వంతు! నగలు కుదువ పెట్టి కట్టిన ఇంట్లో నాలుగో వంతు. ఇద్దరి పేరునా సగం సగం రాయించుకుని ఉంటే మన సగం మనదే, పంచుకునేది ఆయన సగమే. మామగారి స్వార్జిత స్థలంలో కట్టుకుంటే ఇంకా కష్టం. ఆయన బతికుండగా కోడలికి అందులో వాటా లేదు. పైగా వీలునామా ఇంకొకరికి రాస్తే అడగడానికీ ఏమీ మిగలదు.

ప్రభుత్వానికి తెలిసిందే మన పెద్దలకు తెలియదా? 2020 డిసెంబరు 25 నుంచి మన రాష్ట్రంలో పేదలకిచ్చిన ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరునే ఇచ్చారు. ఢిల్లీలో ఆడవాళ్ల పేరున రిజిస్టరు చేస్తే స్టాంపు డ్యూటీ మగవాళ్లకంటే తక్కువ. పట్టా మీద పేరుండి, ఆ పట్టా మొగుడి పెట్టెలో ఉండడం కూడా చూశాను లెండి. అయినా పేరు ఉన్నది ఉన్నట్టే.

వంటింటి సంగతి ఎత్తితే ఇంకో వ్యాసం అవుతుంది. రోజంతా మనం నిలబడే గది అది. దాని గట్టు ఎత్తు మేస్త్రీ నిర్ణయిస్తాడు, కిటికీని వాస్తు పంతులు మూయిస్తాడు.

ఇల్లు ఇప్పటికే కట్టేసి ఉంటే, భార్యకు వాటా గిఫ్టు సెటిల్‌మెంటుగా రాయించవచ్చు. కుటుంబంలో వాళ్లకి రాస్తే ఖర్చు అమ్మకం దస్తావేజు కంటే తక్కువ. ఇక స్థలం ఇప్పుడు కొంటున్నవాళ్లు టెక్కలిలోనో, పలాసలోనో దస్తావేజు లేఖరి దగ్గరికి ఆయనతో పాటు మీరూ వెళ్లండి. రెండు ఆధార్ కార్డులూ బల్ల మీద పెట్టండి. "కొనుగోలుదారు" అని రాయబోతే ఆపి, "కొనుగోలుదారులు" అని బహువచనం వేయమనండి.