గురువారం సాయంత్రం అమ్మ దగ్గర

ఆదివారం ఉదయం చర్చి ఉన్న ఏ వీధిలోనైనా కాసేపు నిలబడితే ఒక దృశ్యం కనబడుతుంది. తలంటుకుని, ఉతికిన బట్టలు తొడుక్కున్న పిల్లలు చేత బైబిలు పట్టుకుని సండేస్కూలుకు గుంపులుగా నడిచిపోతుంటారు. ఆ వేళకు మన ఇళ్ళలో చాలామంది పిల్లలు ఇంకా పక్క దిగి ఉండరు. దిగినవారు ట్యూషనుకో, టీవీ ముందుకో చేరి ఉంటారు. ఈ తేడాను చూసి మన పెద్దలు రెండు మాటలు అంటారు. ఒకటి మెచ్చుకోలు: వాళ్ళకున్న కట్టుబాటు మనకేదీ అని. రెండవది గుబులు: ఆ కట్టుబాటుతో మన పిల్లలను కూడా లాక్కుపోతారేమో అని.

ఈ రెండు మాటలూ ఒకే పొరపాటు మీద నిలిచి ఉన్నాయని నా అభిప్రాయం. పిల్లవాడిలో విశ్వాసాన్ని నాటేది చర్చి అని మనం అనుకుంటున్నాం. క్రైస్తవుల చరిత్రే ఆ మాటను పూర్తిగా ఒప్పుకోదు.

సండేస్కూలు ఉద్యమానికి ఊపిరిపోసినవాడు మతాచార్యుడు కాడు, ఒక పత్రికాధిపతి. ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ 1780లో తన బడిని ప్రారంభించాడు. ఆ ఊరి బీదపిల్లలు వారానికి ఆరు రోజులు గుండుసూదుల కార్ఖానాలలో పనిచేసేవారు. సెలవు దొరికిన ఆదివారం వీధులలో పడి తిరిగేవారు. రెయిక్స్ కొందరు స్త్రీలకు జీతమిచ్చి ఆ పిల్లలకు అక్షరాలు నేర్పించాడు. చదువుకోవడానికి వాడిన పుస్తకం బైబిలు. అంటే సండేస్కూలు మొదట బీదల అక్షరశాల. మతబోధ అక్షరాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. 1870 నాటి విద్యాచట్టం తర్వాత ఊరూరా ప్రభుత్వ బడులు వచ్చి, చదువు పని అటు వెళ్ళిపోయింది. మతబోధ మాత్రం ఆదివారానికి మిగిలింది. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో ఆ దేశంలో లక్షలాది పిల్లలు సండేస్కూళ్ళలో ఉండేవారు. ఆ శతాబ్దం ముగిసేసరికి ఆ బడులు చాలావరకు ఖాళీ అయిపోయాయి.

కారణాలు అనేకం చెబుతారు: యుద్ధాలు, మోటారు కార్లు, టెలివిజను. వాటిని నేను కాదనను. అయితే ఒక సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. కార్మికుల ఇళ్ళలో చాలామంది తల్లిదండ్రులు పిల్లలను సండేస్కూలుకు పంపించి తాము ఇంట్లోనే ఉండిపోయేవారు. ప్రార్థన పిల్లలు చేయవలసిన పని, పెద్దవాళ్ళు మానేయదగిన పని అని ఆ పిల్లలకు ఎవరూ నోటితో చెప్పలేదు. చెప్పకుండానే అర్థమయింది. పెద్దవాళ్ళయ్యాక వారూ మానేశారు.

ఇల్లు ఏమి చేయగలదో తెలుసుకోవాలంటే అదే దేశంలో రెయిక్స్ కంటే డెబ్బై ఏళ్ళ ముందటి ఒక తల్లి కథ చూడాలి. లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే చిన్న ఊరిలో చర్చి గురువు శామ్యూల్ వెస్లీ. ఆయన ఇల్లాలు సుసన్నా. పందొమ్మిది మంది బిడ్డలను కన్నది. వారిలో దాదాపు సగంమంది పసితనంలోనే పోయారు. భర్త అప్పులపాలై 1705లో చెరసాలకు వెళ్ళాడు. 1709లో ఒక రాత్రి ఇల్లు అంటుకున్నది. మేడమీద చిక్కుకున్న ఐదేళ్ళ జాన్‌ను ఊరివారు ఒకరి భుజాలపై ఒకరు నిలబడి కిటికీలోంచి దించారు.

అటువంటి సంసారంలో ఆమె ఒక నియమం పెట్టుకున్నది. వారంలో ఒక్కొక్క రోజు సాయంత్రం ఒక్కొక్క బిడ్డకు కేటాయించింది. ఆ సమయంలో ఆ బిడ్డను విడిగా కూర్చోబెట్టుకుని దైవాన్ని గురించి, ఆ చిన్న మనసులోని సందేహాలను గురించి మాట్లాడేది. జాన్‌కు గురువారం, చార్లెస్‌కు శనివారం. 1711 నాటి చలికాలంలో భర్త లండన్‌లో ఉండగా, పిల్లలకోసం, పనివారికోసం వంటింట్లో సాయంకాల ప్రార్థన నడిపింది. ఇరుగుపొరుగు వచ్చి చేరారు. చివరకు రెండువందల మంది వరకు అయ్యారు. ఇది తగని పని అని భర్తకు ఫిర్యాదు కూడా వెళ్ళింది.

ఆమె పెంపకమంతా మనకు నచ్చవలసిన పని లేదు. ఏడాది నిండేసరికే బిడ్డ బెత్తానికి భయపడి సన్నగా ఏడవడం నేర్చుకోవాలన్నది ఆమె పద్ధతి. ఈనాటి ఏ తల్లీ దానిని ఆమోదించకూడదు. నేను నమస్కరించేది ఆ గురువారానికి మాత్రమే.

ఆ జాన్, చార్లెస్ అన్నదమ్ములే పిమ్మట మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషులయ్యారు. ఆ ఉద్యమానికి చెందిన వెస్లియన్ మిషను తరఫున వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరవు రోజులలో ఆకలిగొన్నవారికి పనిచూపి అన్నం పెట్టడానికి ఆ నిర్మాణం సాగిందని ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. మన ఇళ్ళవారు కూడా వెళ్ళి, ఆ గోపురాన్ని, రంగుటద్దాల కిటికీలను చూసి వస్తుంటారు. గోపురం అందరికీ కనబడుతుంది. ఎప్‌వర్త్ వంటిల్లు ఎవరికీ కనబడదు.

మన తెలుగు క్రైస్తవ గృహాలలో ఆ వంటింటి ప్రార్థనకు సాటివచ్చేది కుటుంబ ప్రార్థన. చాలా ఇళ్ళలో రాత్రిపూట అందరూ చాపమీద కూర్చుంటారు. పిల్లలచేత వంతులవారీగా బైబిలు చదివిస్తారు. కీర్తన పాడతారు. పందొమ్మిదవ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి వంటివారి రచనలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగమూ తాళమూ రాసి ఉంటాయి. మన చెవికి అది పరాయి సంగీతమేమీ కాదు. పిమ్మట ఇంట్లో అందరికంటే చిన్నవాడు కళ్ళు మూసుకుని, రేపటి లెక్కల పరీక్షను గురించి, జ్వరంతో ఉన్న పక్కింటి తాతగారిని గురించి సొంత మాటలలో ప్రార్థిస్తాడు. మనం గమనించవలసింది ఇక్కడే. మన పిల్లలకు శ్లోకం వస్తుంది. శ్లోకం రావడం గొప్ప సంగతే, దానిని తక్కువ చేయను. కాని దేవుడి ముందు తన సొంత మాటతో నిలబడడం మనం నేర్పడం లేదు.

పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చే సంఘాలలో, బిడ్డను విశ్వాసంలో పెంచుతామని ముందుగా తల్లిదండ్రులు ప్రమాణం చేయాలి. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలలో బలంగా ఉన్న బాప్టిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వనే ఇవ్వరు. ఎదిగిన తర్వాత తానుగా అడిగితేనే ఇస్తారు. పదేళ్ళపాటు ప్రార్థనలో పెంచి కూడా, కాదనే హక్కును ఆ పిల్లవాడికే వదిలిపెట్టడం తల్లిదండ్రులకు చిన్న పరీక్ష కాదు.

వారి గ్రంథం కూడా ఈ విషయంలో నిర్మొహమాటంగా ఉంటుంది. తిమోతి అనే యువకుడి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో నివసించిందని పౌలు అతనికే రాస్తాడు. ఇక ఏలీ అనే యాజకుడి కథ ఉంది. మందిరంలోనే బ్రతుకు గడిపినవాడు. హన్నా తన కొడుకు సమూయేలును తెచ్చి అప్పగించింది ఆయనకే. ఆ సమూయేలు ప్రవక్త అయ్యాడు. ఏలీ సొంత కొడుకులిద్దరూ నైవేద్యాలనే అపహరించే దుర్మార్గులయ్యారు. వారిని అదుపు చేయలేదన్న నేరం తండ్రిమీద పడింది. మందిరం గోడలలో పెరిగితే చాలుననుకునేవారికి ఆ కథ గుచ్చుకుంటుంది. మనవారిలోనూ కొందరికి గుచ్చుకోవాలి.

ఈ సంగతి మనకు భాగవతం ఏనాడో చెప్పింది. చండామార్కుల కంటే బలమైన బడి ఏముంటుంది? శుక్రాచార్యుని పుత్రులు గురువులు, హిరణ్యకశిపుడు పోషకుడు, దండోపాయానికి లోటు లేదు. ఆ బడి ప్రహ్లాదుడిలో తాను నాటదలచినది నాటలేకపోయింది. నారదుని ఆశ్రమంలో తల్లి గర్భాన ఉండగా విన్నది నిలిచిపోయింది. తల్లి దానిని కాలక్రమాన మరచిపోయిందని కూడా కథ చెబుతుంది. "మాకే ఏమీ తెలియదు, పిల్లలకు ఏం చెబుతాం?" అనే తల్లిదండ్రులు ఈ ముక్కను మరొకసారి చదువుకోవాలి. ఆమె పండితురాలు కాదు. మంచిమాట చెబుతున్న చోట కూర్చుని విన్నది, అంతే.

నేడు మనకూ బాలవిహార్‌లు ఉన్నాయి, బాలవికాస్ తరగతులు ఉన్నాయి, గీతాపఠన పోటీలు ఉన్నాయి. నడిపేవారి శ్రమకు వందనం. కాని తరగతి జరుగుతున్న గుమ్మం బయట చూడండి. పిల్లవాడిని దించిన తండ్రి బండిమీద కూర్చుని సెల్‌ఫోను చూసుకుంటుంటాడు. ఇంటికి వెళ్ళాక బహుమతి వచ్చిందా అని అడుగుతాడు; ఏ అధ్యాయం, అందులో ఏముంది అని అడగడు. ఒడుగు చేసిన ఏడాదికే సంధ్యావందనం ఆగిపోయిన ఇళ్ళు మనకు తెలియనివి కావు. తండ్రి ఏనాడో మానేసిన ఇంట్లో కొడుకు ఎన్నాళ్ళు చేస్తాడు? సండేస్కూలులో కంఠత వాక్యాలకు బహుమతులన్నీ గెలిచి, కాలేజీలో చేరగానే చర్చి గడప తొక్కని పిల్లల బాధ క్రైస్తవ ఇళ్ళలోనూ ఉన్నదే. ఈ దుఃఖంలో వారూ మనమూ ఇరుగుపొరుగులమే. చర్చికి వెళ్ళే పిల్లలను చూసి గుబులుపడే మన ఇంటిలో, ఆ గుబులుకు కారణం ఎదురు వీధిలో లేదు.

సుసన్నా ఆ సాయంత్రాలు గడిపిన నాటికి జాన్ ఎనిమిది తొమ్మిదేళ్ళవాడు. 1732 ఫిబ్రవరిలో, ఆక్స్‌ఫర్డ్‌లో అధ్యాపకుడిగా ఉండి, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో తల్లికి ఒక ఉత్తరం రాశాడు. వెనుకటి గురువారం సాయంత్రంలో కొద్దిపాటి సమయాన్ని మళ్ళీ తనకోసం కేటాయించగలవా అని అందులో అడిగాడు. ఆనాడు అది తన బుద్ధిని తీర్చిదిద్దింది, ఈనాడు తన హృదయాన్ని సరిదిద్దుతుందని. అప్పటికి ఆ తల్లికి అరవై మూడేళ్ళు.