అవతలి గట్టు పిల్లలకు వదులుదాం

పోయిన నెల పేరెంట్స్ మీటింగులో నా పక్కన కూర్చున్న ఒకాయన మాటల్లో మాటగా అన్నారు: "మావాడి పుట్టినరోజుకి సైకిల్ కొన్నానండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లోనే గిరగిరా తిరుగుతాడు. రోడ్డు మీదకి ఎలా పంపుతామండీ?" చుట్టూ ఉన్న నలుగురం తలూపాం. నేనూ ఊపాను. మా అమ్మాయిది ఎనిమిదో తరగతి. దాని సైకిల్ రెండేళ్ళుగా మెట్ల కింద గాలి లేకుండా పడి ఉంది.

ఆయన భయంలో తప్పేమీ లేదు. ఇసుక లారీలు, హారన్ కొట్టుకుంటూ దూసుకొచ్చే బైకులు, పక్కకి దిగడానికి మార్జిన్ లేని రోడ్లు. ఆ రోడ్ల మీదకి పదమూడేళ్ళ పిల్లని నేనూ పంపను. కానీ ఇంటికొచ్చాక ఒక సంగతి తట్టింది. మనం ఉంటున్నది గోదావరి డెల్టాలో. ఇక్కడ ఏ ఊరికి వెళ్ళినా కాలువ ఉంటుంది, ప్రతి కాలువకీ రెండు గట్లుంటాయి. చాలాచోట్ల ఒక గట్టు మీద బస్సు రోడ్డు, అవతలి గట్టు మీద మట్టిబాటో గ్రావెల్ బాటో. సైకిల్ తొక్కడానికి చోటు లేదంటున్న మనకి ఆ అవతలి గట్టు ఎందుకు కనిపించడం లేదు?

ఇలాంటి గట్లతో ఏం చేయొచ్చో ఫ్రాన్స్ వాళ్ళు చేసి చూపించారు. అక్కడ తులూజ్ నగరం నుంచి మధ్యధరా సముద్ర తీరం దాకా కెనాల్ దు మిది అనే కాలువ ఉంది. పియర్ పాల్ రికే అనే ఆయన 1666లో పని మొదలుపెట్టించాడు, 1681లో పడవలు తిరిగాయి. పొడవు 240 కిలోమీటర్లు. పశ్చిమాన నాంత్ నుంచి బ్రెస్ట్ దాకా ఉన్న మరో కాలువ 364 కిలోమీటర్లు, దాని మీద రెండు వందలకు పైగా లాకులు. సరుకు పడవలకు తాడు కట్టి, గట్టు మీద గుర్రాల చేత లాగించేవారు. ఆ గుర్రాలు నడవడానికే గట్టు వెంట బాట వేశారు. తరువాత రైళ్ళు, లారీలు వచ్చి పడవల పని అయిపోయింది. బాట మాత్రం మిగిలింది.

ఆ మిగిలిన బాటని చాలాచోట్ల సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వదిలేశారు. బాట మొదట్లో ఒక గుంజో అడ్డకర్రో ఉంటుంది. సైకిల్ పడుతుంది, కారు పట్టదు. ఇప్పుడు తల్లిదండ్రులు పిల్లలతో కలిసి సెలవుల్లో వారం రోజులపాటు కాలువ వెంట సైకిళ్ళ మీద వెళతారు. లాకులు తీసే మనిషి కోసం కట్టిన పాత ఇళ్ళు కొన్నిచోట్ల కాఫీ హోటళ్ళూ బస గదులూ అయ్యాయి. కాలువ గట్టుకి ఎత్తుపల్లాలు ఉండవు కాబట్టి ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా తొక్కగలరు.

ఇది చదివితే మీకు మన ఊరే గుర్తొస్తుంది. ధవళేశ్వరం ఆనకట్టని కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించారని మన పిల్లలు సోషల్ పరీక్షలో రాస్తూనే ఉంటారు. ఆయన కాలువల్ని పొలాలకు నీళ్ళివ్వడానికే కాక పడవలు నడవడానికి కూడా తవ్వించారు. లాకులు అందుకే. ఏలూరు కాలువ మీద విజయవాడకీ, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువల మీదుగా మద్రాసుకీ ఒకప్పుడు పడవలు వెళ్ళేవి. వాళ్ళకి గుర్రాలు, మనకి మనుషులు. అంతే తేడా. ఆ మనుషులు నడిచిన గట్లు ఇంకా ఉన్నాయి.

మీటింగ్ అయిన తరువాతి ఆదివారం పొద్దున్నే సైకిల్‌కి గాలి కొట్టించాను. నాకోసం పక్కింటి కుర్రాడి సైకిల్ అడిగి తీసుకున్నాను. ఆరింటికి బయలుదేరి అవతలి గట్టెక్కాం. పై లాకుల దాకా తొమ్మిది కిలోమీటర్లు. మొదటి కిలోమీటరులోనే నాకు ఆయాసం వచ్చింది, దానికి రాలేదు. ఒకచోట గోతులు, ఒకచోట చెత్తకుప్ప, ఒకచోట ఎవరో గట్టు మీదే ధాన్యం ఆరబోశారు. అయినా గంటంపావులో మాకు ఎదురొచ్చినవి రెండు మోటారు సైకిళ్ళు, ఒక ట్రాక్టరు మాత్రమే. అవతల రోడ్డు మీద బస్సు హారన్ కూడా నీళ్ళ మీదుగా మెత్తగా వినిపించింది.

లాకుల దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. మా అమ్మాయి లాకు తలుపుల్ని వింతగా చూస్తుంటే ఆయనే పలకరించారు. "పడవొచ్చి లోపలికెళ్ళాక ఈ తలుపు ఏసేవోరమ్మా. నీళ్ళు పైకొచ్చేదాకా ఆగి, అప్పుడా తలుపు తీసేవోరు. ఆయ్, మెట్టెక్కినట్టన్నమాట. మా నాన్న ఇదే గట్టు మీద తాడు లాక్కుంటా నడిచాడు." తిరిగి వచ్చేటప్పుడు అమ్మాయి అడిగింది: "నాన్నా, మన ఇంటి వెనక కాలువలో నీళ్ళు కూడా ధవళేశ్వరం నుంచే వస్తున్నాయా?" ఎనిమిదో తరగతి పిల్ల. ఆనకట్ట సంవత్సరాలు తప్పు లేకుండా చెబుతుంది. పుట్టినప్పటి నుంచీ ఆ కాలువ పక్కనే ఉంది. ఆ ప్రశ్న అది ఆలస్యంగా అడిగిందంటే తప్పు దానిది కాదు, నాది.

మన పిల్లలు ఇంటి గుమ్మం దగ్గర బస్సెక్కి స్కూల్ గుమ్మం దగ్గర దిగుతారు. దారి మధ్యలో ఏముందో వాళ్ళకి తెలియాల్సిన అవసరం లేకుండా చేశాం. కొన్నేళ్ళ క్రితం ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకి బడికొస్తా పథకం కింద సైకిళ్ళిచ్చారు. అలా సైకిల్ తొక్కుకుంటూ బడికెళ్ళే పిల్లల్ని మన పిల్లలు బస్సు కిటికీలోంచి చూస్తుంటారు. పంక్చర్ పడితే ఏం చేయాలో, వర్షం వస్తే ఎక్కడ ఆగాలో, తెలియని మనిషితో ఎంతవరకు మాట్లాడాలో ఆ పిల్లలకి తెలుసు. ఫీజు కట్టి చదివిస్తున్న మనం మన పిల్లలకి ఇవ్వలేకపోతున్నది ఆ తెలివి. ఇంటర్ అయ్యాక వాళ్ళని హైదరాబాద్‌కో చెన్నైకో ఒంటరిగా పంపుతాం. అంతకు ముందు రెండు కిలోమీటర్లు కూడా సొంతంగా వెళ్ళనివ్వలేదు.

అభ్యంతరాలు ఉంటాయి, అవి చిన్నవి కావు. మొదటిది నీళ్ళు. మన కాలువలకు రెయిలింగ్ ఉండదు, నిండుగా పారేటప్పుడు వడి ఉంటుంది. కాబట్టి ముందు ఈత, తరువాతే గట్టు. ఈత రాని పిల్లలు గట్టెక్కకూడదు. వచ్చినవాళ్ళు కూడా నీటి వైపు కాకుండా పొలం వైపు తొక్కాలి, వెంట పెద్దవాళ్ళు ఉండాలి, చీకటి పడకముందే ఇంటికి రావాలి. రెండోది ఎండ. మనకి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున్నే బాగుంటుంది. మూడోది చదువు. ఆదివారం పొద్దున్న రెండు గంటలు పోతే ర్యాంకు పోతుందని ఎవరైనా అంటే, ఆ రెండు గంటలు ఇప్పుడు ఫోన్‌లో ఎలా పోతున్నాయో ఒకసారి చూసుకోమని మాత్రం అంటాను.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది. గట్టు రైతుది. పొలానికి వెళ్ళాలన్నా, ధాన్యం తోలాలన్నా ఆ బాటే. కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీసే యంత్రాలు కూడా దాని మీదే రావాలి. ఫ్రాన్స్ కాలువ పడవల కోసం తవ్వింది. మన కాలువకి మాత్రం నీళ్ళివ్వడమే మొదటి పని. అందుకని గట్టు పూర్తిగా మాకిచ్చేయమని అడగడం న్యాయం కాదు. ఒక ఊరి లాకుల నుంచి పక్క ఊరి లాకుల దాకా, ఆదివారం ఆరు నుంచి తొమ్మిది వరకు, మోటారు బళ్ళు రాకుండా ఒక అడ్డకర్ర. రైతు బండి వస్తే కర్ర ఎత్తుతారు. ఇంతే అడగాలి. సైకిల్ వల్ల గట్టు దెబ్బతినదు. దెబ్బతినేది బరువు లారీల వల్ల. వాటిని ఆపడంలో రైతూ మనమూ ఒకే వైపు.

ఇది మన దగ్గర జరిగే పనేనా అని అనుమానం రావచ్చు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, పైన సోలార్ పలకలతో కప్పు కూడా వేశారు. అక్కడ నీడ కోసం కప్పు కట్టాల్సి వచ్చింది. మన గట్ల మీద కొబ్బరి చెట్లూ నిద్రగన్నేరులూ ఎప్పటి నుంచో ఉన్నాయి. మనకి కావలసింది గోతులు పూడ్చడం, చెత్త వేయకుండా చూడడం, ఆ అడ్డకర్ర.

మన స్కూల్ యాజమాన్యాన్ని అడిగేది రెండే. నెలకొక ఆదివారం టీచర్ల తోడుతో, తల్లిదండ్రుల తోడుతో ఒక గట్టు ప్రయాణం పెట్టండి. లొల్ల లాకులు, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, పి.గన్నవరం దగ్గర నది మీదుగా కాలువని దాటించే అక్విడక్టు, ఇవన్నీ పాఠాలే. రెండు, దగ్గర్లో ఉన్న పిల్లలు సైకిల్ మీద వస్తే పెట్టుకోవడానికి ఒక స్టాండు కట్టించండి. పంచాయతీకీ ఇరిగేషన్ ఆఫీసుకీ అర్జీ రాసే పని తల్లిదండ్రులం చూసుకుంటాం. నేను రాసి పెట్టాను. సంతకాలు కావాలి.

వచ్చే ఆదివారం కూడా మేం వెళుతున్నాం. ఈసారి సెల్లార్‌లో తిరిగే అబ్బాయీ, వాళ్ళ నాన్నగారూ వస్తామన్నారు. మీ సైకిల్‌కి గాలి ఉందో లేదో ఈ రాత్రికే చూసుకోండి.