నిమిషాల లెక్క

2012 నవంబరు 29న మయామీలో మ్యాచ్ ఆడాల్సి ఉండగానే శాన్ ఆంటోనియో స్పర్స్ బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ గ్రెగ్ పొపోవిచ్ తన నలుగురు ముఖ్య ఆటగాళ్లను విమానం ఎక్కించి ఇంటికి పంపేశారు. వారిలో టిమ్ డంకన్, మను జినోబిలి ఇద్దరూ 35 దాటినవాళ్లు. జట్టుకు అయిదు రాత్రుల్లో అది నాలుగో మ్యాచ్. మిగిలిన కుర్రాళ్లు చివరిదాకా పోరాడి అయిదు పాయింట్ల తేడాతో ఓడారు. దేశమంతా టీవీలో చూసే మ్యాచ్‌కు స్టార్లను ఎగ్గొట్టించినందుకు ఎన్‌బీఏ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశారు.

ఆ తగవు నేటికీ తెగలేదు. టికెట్ కొన్న అభిమాని ఉక్రోషం న్యాయమైనదే. పిల్లాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాక తీరా అభిమాన ఆటగాడు సూటు వేసుకుని బెంచీ మీద కూర్చుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు? అయితే ఆ జరిమానా గొడవలో పొపోవిచ్ చేసిన అసలు పని మరుగున పడింది. మ్యాచ్‌లు మాన్పించడం ఆయన ఎప్పుడో ఒకసారి చేసింది. నిమిషాలు తగ్గించడం ప్రతి రాత్రీ చేసింది. 48 నిమిషాల ఆటలో ఒకప్పుడు 40 దాకా ఆడిన డంకన్‌ను 30 లోపుకు దించారు. 2013-14లో స్పర్స్ జట్టులో ఒక్కరి సగటు కూడా 30 నిమిషాలకు చేరలేదు. అయినా 62 విజయాలతో లీగ్‌లో అగ్రస్థానం వాళ్లదే. ఫైనల్స్‌లో అదే మయామీని 4-1తో చిత్తు చేశారు. 37 ఏళ్ల డంకన్ ఆ సీజన్‌లో 74 మ్యాచ్‌లు ఆడాడు, అంటే అభిమానికి దక్కాల్సింది దక్కింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ కోబీ బ్రయంట్‌ది. 2013 ఏప్రిల్‌లో లేకర్స్‌ను ప్లేఆఫ్స్‌కు చేర్చాలని పోర్ట్‌లాండ్‌లో 48 నిమిషాలూ ఆడి 47 పాయింట్లు కొట్టాడు. రెండు రోజులకే మడమ పైనుండే అకిలిస్ స్నాయువు తెగింది. ఆ నిమిషాల వల్లే తెగిందని ఏ డాక్టరూ ఒట్టేసి చెప్పలేడు. కానీ 34 ఏళ్ల కాలితో అలాంటి పందెం కాసింది కోచ్ కూడా.

ఇతర జట్లు మాత్రం నిమిషాలు తగ్గించే పొపోవిచ్ బాటను కాదని, మ్యాచ్‌లే మానేసిన కవాయ్ లెనార్డ్‌నే ఆదర్శంగా తీసుకున్నాయి. 2018-19లో టొరంటో తరఫున 82 మ్యాచ్‌ల్లో 60 మాత్రమే ఆడి టైటిల్ గెలిపించాడు మరి. అదే లెనార్డ్‌కు 2021లో క్లిప్పర్స్ జట్టులో మోకాలి లిగమెంట్ దెబ్బతింది. మ్యాచ్ మానేస్తే గాయాలు తగ్గుతాయనడానికి ఆధారం దొరకలేదని 2024లో లీగ్ నివేదిక తేల్చింది. దాన్ని యాజమాన్యాల వాదన అని కొట్టిపారేయలేం.

చిక్కు లీగ్ తెచ్చిన మందుతోనే. 2023-24 నుంచి 65 మ్యాచ్‌లు ఆడితేనే ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) వంటి అవార్డులకు అర్హత. అంతకుముందు ఏడాది ఆ అవార్డు అందుకున్న జోయెల్ ఎంబీడ్, మోకాలి నొప్పితో రెండు మ్యాచ్‌లు మానేసి, జనవరి 30న గోల్డెన్ స్టేట్ మీద బరిలో దిగాడు. ప్రత్యర్థి ఒకడు కాలి మీద పడ్డాడు. ఆ తర్వాత శస్త్రచికిత్స. సీజన్ 39 మ్యాచ్‌లతో ముగిసింది. ఆ మోకాలితో ఆడమని నియమం ఆదేశించకపోవచ్చు, మానుకోవడాన్ని మాత్రం ఖరీదైనదిగా చేసింది.

నిమిషాల విలువ లీగ్‌కు తెలియక కాదు. స్టార్లకు వరుస రాత్రుల్లో ఒకనాడు విశ్రాంతినిచ్చే వెసులుబాటుకు వాళ్లే పెట్టిన అర్హతల్లో 35 ఏళ్ల వయసుతో పాటు 34,000 నిమిషాల ఆట కూడా ఉంది. ఆ లెక్కను అవార్డులకూ వర్తింపజేసి, సీజన్ మొత్తానికి కనీస నిమిషాలు పెడితే సరిపోదా? కొన్ని మ్యాచ్‌లు ఎగ్గొట్టి మిగతావాటిలో 40 నిమిషాలు ఆడేసేవాళ్లు ఉంటారనుకుంటే, దానికి ఇప్పుడున్న జరిమానాలే చాలు. 1967-68 నుంచి కదలని 82 మ్యాచ్‌లను తగ్గించడమే అసలు వైద్యం. కానీ 11 ఏళ్లకు 7,600 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం చేతికొచ్చాక దానికి యజమానులు ఒప్పుకోరు.