అంకెలు చేరవలసింది తరగతి గదికి

పిల్లవాడు ఏమి నేర్చాడో, ఎక్కడ ఆగిపోయాడో కంప్యూటరు పసిగట్టి చెప్పగలదన్న మాట కొన్నేళ్లుగా ప్రభుత్వాల నోట తరచుగా వినవస్తున్నది. ఇందులో నిజం లేకపోలేదు. ఢిల్లీలో 2015లో 619 మంది విద్యార్థులతో కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ జరిపిన అధ్యయనమే అందుకు నిదర్శనం. ‘మైండ్‌స్పార్క్’ అనే సాధనం ప్రతి విద్యార్థి జవాబులను విశ్లేషించి, అతని స్థాయికి తగిన ప్రశ్నలనే ముందుంచేది. ఆరవ తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నట్లు వెల్లడైంది. నాలుగున్నర మాసాలలోనే గణితంలోను, హిందీలోను చెప్పుకోదగిన ప్రగతి కనిపించింది. అయితే రోజుకు తొంభై నిమిషాల ఆ శిక్షణలో యంత్రానిది సగమే. మిగిలిన సగం పిల్లలను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి పాఠం చెప్పిన మనుషులదన్న సంగతి విస్మరించరాదు.

జార్ఖండ్ పరిస్థితి వేరు. అక్కడి ‘ఈ-విద్యావాహిని’ ప్రధానంగా హాజరు లెక్కలను పైఅధికారులకు చేరవేసే ఏర్పాటు. ఆ అంకెలను పాఠంగా మార్చవలసిన ఉపాధ్యాయులు ఏరీ? జార్ఖండ్ జ్ఞాన విజ్ఞాన సమితి 2022లో 138 బడులను పరిశీలించగా, వాటిలో అయిదింట ఒకటి ఏకోపాధ్యాయ పాఠశాల అని తేలింది.

జంషెడ్‌పూర్‌లోని కద్మాను చూస్తే మరొక చిక్కు బోధపడుతుంది. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివెళ్లిన కుటుంబాల మూడవ, నాలుగవ తరాలు నేడు ఆ నగరంలో ఉన్నాయి. ఇంట తెలుగు, వీధిలో హిందీ, బడిలో హిందీయో ఇంగ్లీషో! ‘ఘటానా’ అన్న మాట అర్థంకాక లెక్క తప్పిన పసివాడిని, అసలు తీసివేతే రాని పిల్లవాడిని యంత్రం ఒకే గాటన కట్టగలదు. ఇద్దరికీ మరో పది తీసివేతలు ఇస్తుంది. మొదటివాడికి కావలసింది లెక్కలు కావు, ఒక్క మాట అర్థం. ఇది సంథాలీ, హో భాషలు మాట్లాడే పిల్లలకు మరింత వర్తిస్తుంది. వారి సంఖ్యా ఎక్కువే.

పిల్లల సమాచార భద్రత కూడా ఉపేక్షించదగిన అంశం కాదు. బాలల ప్రవర్తనను వెన్నంటి నమోదు చేయడాన్ని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిషేధించింది. 2025 నవంబరులో వెలువడిన నిబంధనలు మాత్రం విద్యా కార్యకలాపాల పేరిట పాఠశాలలకు మినహాయింపునిచ్చాయి. ఈ వెసులుబాటు బడి గోడ దాటి ప్రైవేటు కంపెనీల లాభాలకు దారి కాకుండా చూడవలసిన బాధ్యత విద్యాశాఖలదే.

వారంలో ఏ పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో మరుసటి సోమవారానికి ఉపాధ్యాయుని చేతికి అందాలి. ఇక మాతృభాష మాటకొస్తే, కేంద్రం సేకరించే ‘యూడైస్ ప్లస్’ వివరాలలో దానికొక గడి ఉండనే ఉన్నది. ఆ గడిని పరిగణించని సాధనాన్ని కొనబోమని రాంచీలోని ప్రభుత్వం టెండర్లలోనే షరతు విధించవచ్చు.