బ్రేకు ఇన్‌స్పెక్టరు

మోటారు వాహనములను తనిఖీ చేయు అధికారిని మా వైపు జనము ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’ అంటారు. ప్రభుత్వము ఆ ఉద్యోగమునకు పెట్టిన పేరు అది కాదు. రెండు పదములూ ఆంగ్లమే అయినా సమాసము మాత్రము మన జనము కూర్చినదే. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు సమాసములు విడదీసి చెప్పినవాడిని గనుక నాకు ఈ మాట మీద గౌరవము కలదు. బండిలో ఇన్ని భాగములుండగా, ఆయన పేరుకు ముందు బ్రేకునే తగిలించినారు చూడండి! ఆయన మొదట చూడవలసినది ఏమిటో ఆ పేరే చెప్పుచున్నది.

ఇప్పుడీ ప్రస్తావనకు కారణము మా అమృతలూరిలోని ఒక అంబాసిడరు కారు. తెల్లనిది, డీజిలుది, 2003 లో కొన్నది. యజమాని నా పూర్వవిద్యార్థి. సొంత కార్లకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆ తరువాత బండిని చూపించి అయిదేండ్లకొకసారి పునరుద్ధరింపజేసుకొనవలెను. ఆ లెక్కన ఈ కారు 2018 లో ఒకసారి, 2023 లో ఒకసారి పరీక్షకు వెళ్ళినది. రెండు సార్లూ నెగ్గినది. “అంబాసిడరు ఎప్పుడూ ఫెయిలు కాదండీ మాస్టారూ” అని మావాడి గర్వము.

ఆ కారు మీద అభిమానము నాకును కలదు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి, హిందూస్తాన్ మోటార్స్ వారు బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 వరకు తయారుచేసినారు. మందమైన రేకు. ఏ పల్లెటూరి మెకానిక్కు అయినా విప్పి బిగించగలడు. మా ఊళ్ళో ఎందరు పెండ్లికొడుకులు అందులో ఊరేగినారో, ఎందరు గర్భిణీ స్త్రీలు అర్ధరాత్రి అందులో తెనాలి ఆస్పత్రులకు చేరినారో లెక్క లేదు. అయితే మా డెల్టా తేమకు అడుగురేకు తుప్పు పట్టును. ఏండ్ల తరబడి పట్టించుకొనకపోతే బ్రేకు సిలిండర్లలో రబ్బరులు అరిగి ఆయిలు కారును. ఇది కారు దోషము కాదు. ఇరువది యేండ్లు దాటిన ఏ కారుకైనా, ఆ మాటకొస్తే అరువది దాటిన నావంటి దేహమునకైనా, అంతే.

2023 లో పునరుద్ధరణ జరిగి మూడు నెలలు కూడ కాలేదు. తెనాలి నుండి రాత్రివేళ వానిజతగా వచ్చుచున్నాను. కాలువగట్టు మలుపులో గేదె అడ్డము వచ్చినది. మావాడు బ్రేకు తొక్కినాడు. పెడలు నేలను తాకినది. రెండవసారి తొక్కగా కారు ఆగకుండా ఎడమవైపు, కాలువ వైపు, లాగినది. గట్టున కుప్పపోసిన మట్టి అడ్డుపడి నిలిచినది. గేదె తన దారిన తాను పోయినది. మేమిద్దరము చాలాసేపు మాటలాడుకొనలేదు.

మరునాడు అడిగినాను. “మొన్ననే గదరా పరీక్ష చేయించినావు, బ్రేకు చూడలేదా?”

“ఎందుకు చూస్తారండీ? బండి అక్కడిదాకా నడిచి వచ్చింది గదా!” అన్నాడు. ఛాసిస్ నంబరు చూచినారట. హెడ్‌లైట్లు వెలిగించమన్నారట. టైర్లు చూచినారట, ఆ టైర్లు ఆ ఒక్క దినమునకు స్నేహితుని కారు నుండి విప్పి తెచ్చినవి. మరునాడు ఎవరివి వారికి చేరినవి.

నాకు కోపము వచ్చినది గాని మందలించుటకు నోరు రాలేదు. పూర్వము బడికి ఇన్‌స్పెక్షను వచ్చు దినమున మేము చేసినదేమి? గోడలకు సున్నము వేయించినాము. చదువులో వెనుకబడిన పిల్లలను “రేపు రానక్కరలేదురా” అని ఇంటి వద్ద ఉంచినాము. నేనును ఆ మాట చెప్పినవాడినే. వచ్చినవారు బాగున్నదని వ్రాసి వెళ్ళినారు. ఆ వ్రాతతో ఆ పిల్లలకు చదువు వచ్చినదా?

కనుక, అంబాసిడరు ఎంత నమ్మకముగా పరీక్ష నెగ్గును అని ఎవరైనా అడిగితే నా వద్ద జవాబు లేదు. తప్పుటకు వీలున్న పరీక్షలోనే నెగ్గుటకు అర్థము. మా మేనల్లుడు ఇంగ్లండులో ఉన్నాడు. అక్కడి పరీక్షను ఎం.ఓ.టి. అంటారు. 1960 లో పదేండ్లు దాటిన కార్లకు మొదలుపెట్టి, 1967 నాటికి మూడేండ్లు దాటిన వాటికే వర్తింపజేసినారు. అతడొక పాత కారు కొనబోవుచు దాని నంబరు కొట్టి నాకు తెర మీద చూపించినాడు. ఏ యేడు నెగ్గినది, ఏ యేడు తప్పినది, బ్రేకు వలననా, తుప్పు వలననా, అప్పటికి ఎన్ని మైళ్ళు తిరిగినది, అన్నియు ఉన్నవి. రుసుమక్కరలేదు, ఎవరైనా చూడవచ్చును. ఏ మోడలు ఎంత తరచుగా తప్పునో ఆ లెక్కలు కూడ అక్కడి ప్రభుత్వమే ప్రకటించును. (నలుబదేండ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు 2018 నుండి ఆ పరీక్ష మినహాయించినారట. ముసలివారికి ఆ మర్యాద నాకు నచ్చలేదు.)

మన దగ్గర నంబరు కొడితే యోగ్యత ఏ తేదీ వరకు చెల్లునో కనిపించును. ఎందులో తప్పినదో కనిపించదు. అసలు తప్పినదో లేదో కూడ తెలియదు. దానికి బదులు మనము వయస్సును శిక్షించుచున్నాము. పదునైదేండ్లు దాటిన కారు పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిలులో ఆరువందల నుండి అయిదువేలకు పెరిగినది. 2025 ఆగస్టులో, ఇరువది యేండ్లు దాటినచో పదివేలు చేసినారు. పొగ తగ్గవలెననుట మంచిదే. కాని చక్కగా చూచుకొన్న కారుకును, పెడలు నేలను తాకు కారుకును ఒకటే రుసుము. పదివేలు కట్టినంత మాత్రమున బ్రేకు పడునా?

యంత్రములతో పరీక్షించు కేంద్రములు వచ్చుచున్నవి. రోలర్ల మీద చక్రమునెక్కించి ఏ చక్రము ఎంత బలముతో ఆగుచున్నదో అంకెలలో చూపును. సంతోషము. ఆ అంకెలను దాచక అందరికీ చూపవలెనని నా కోరిక. పాఠశాల బస్సులతో మొదలుపెట్టవచ్చును. మన రాష్ట్రములో వాటి యోగ్యతాపత్రములు ఏటా మే 15 తో ముగియును, బడులు తెరచులోగా మరల పొందవలెను. తన బిడ్డ ఎక్కు బస్సు మొదటిసారి ఎందులో తప్పి, ఏమి బాగుచేయించుకొని నెగ్గినదో తల్లికి తెలియుటలో పరువు పోవునది ఎవరికి? తప్పి, దిద్దుకొని వచ్చిన పిల్లవానిని నేనెన్నడును చిన్నచూపు చూడలేదు.

మావాడు సిలిండర్లు నాలుగును మార్పించినాడు, టైర్లు కొన్నాడు. 2028 లో మరల వెళ్ళవలెను. మొన్న నన్ను తెనాలి తీసుకొని వెళ్ళుచు, ఆ మలుపు ఇంకను దూరముండగనే, నేనేమియు అడుగకముందే బ్రేకు ఒకసారి తొక్కి చూపించినాడు.