నాలుగు పేజీల పత్రికే కదా అనకండి

ఇష్టమైన కథల గురించి పిల్లలు చిన్న పత్రిక వేస్తామంటే ‘పనికొచ్చేది చూసుకోండి’ అనేస్తాం. నేనైతే అదీ పనికొచ్చేదే అంటాను.

సైన్స్ ఫిక్షన్ అభిమానులు 1930లోనే షికాగోలో ‘ది కామెట్’ అనే పత్రిక తెచ్చారు. 1967లో న్యూయార్క్‌లో దేవ్రా లాంగ్సమ్, షెర్నా కామర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఆడవాళ్లు ‘స్టార్ ట్రెక్’ సీరియల్ మీద ఇష్టంతో ‘స్పాకనేలియా’ మొదలుపెట్టారు. సైక్లోస్టైల్ కాగితాల పత్రికే! ఇలాంటివాటిలో చెయ్యి తిరిగాకే కొందరు పేరున్న రచయిత్రులయ్యారు.

మనకూ ఇలాంటి ముచ్చట ఉందండీ. మద్రాసులో తెలుగింటి ఆడపడుచు కమలా సత్తియనాథన్ ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ నడిపేవారు. బేగం రొకేయా ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో అందులోనే వచ్చింది. ఎండ వేడితో పొగలేని వంట, రాజ్యమేలే ఆడవాళ్లు, ఇంటిపట్టున మగవాళ్లు! మా మేడ్చల్, శామీర్‌పేట డాబాల మీద సోలార్ పలకలు కనిపిస్తే నాకు ఆ కథే గుర్తొస్తుంది.

ఆ పత్రిక చోటివ్వకపోతే ఆ ఊహ నోటుబుక్కులోనే ఉండిపోయేదేమో.

అందుకే, మీ అమ్మాయి పత్రిక వేస్తానంటే చదువు పాడవుతుందని ఆపకండి. జెరాక్సుకు డబ్బులివ్వండి. మొదటి కాపీ మీరే చదవండి.