భారమైనా వదలని ప్రేమ

స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో 2,469 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలో ఒక క్రైస్తవ మఠం ఉంది. అక్కడ పెరిగిన బ్యారీ అనే కుక్క మంచులో చిక్కుకున్న 40 మందికి పైగా బాటసారులను కాపాడిందని ప్రతీతి. అది ముసలిదయ్యాక 1812లో బెర్న్ నగరానికి చేర్చి, 1814లో చనిపోయేదాకా పోషించారు. చేసిన మేలుకు అది ప్రతిఫలం.

అదే సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్కపిల్లల్ని ముచ్చటపడి కొని, 60 కిలోలు దాటి పెరిగి, తిండికీ వైద్యానికీ ఖర్చు పెరగగానే వదిలేసేవారున్నారు. వాటిని చేరదీసి, కొన్నాళ్లు తమ ఇళ్లలోనే ఉంచుకొని, గాయాలు మాన్పి, శాశ్వతంగా సాకేవారిని వెదికి అప్పగించేవారూ ఉన్నారు. నీతిమంతుడు మూగజీవాల ప్రాణాన్నీ పట్టించుకుంటాడు (సామెతలు 12:10). ఆ కుక్కలు ఎవరినీ కాపాడలేదు. అయినా వాటికి ఇల్లు దొరికింది. అదే కృప!

కుంటివాడైన మెఫీబోషెతు తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు (2 సమూయేలు 9:8). అయినా యోనాతానును బట్టి దావీదు అతనికి జీవితాంతం తన బల్ల వద్ద చోటిచ్చాడు. దేవుడు కూడా మన అర్హత చూసి కాదు, క్రీస్తును బట్టే మనల్ని చేర్చుకున్నాడు. ప్రియులారా, భారమయ్యారని మనం దూరం చేసుకున్నవారెవరు? మన బల్ల వద్ద వారికి చోటుందా?